మైనస్ నలభై

ఉలాన్‌బాతర్, పాత కార్ల బజారు వెనక సందు. జనవరి, పొద్దున పదిన్నర. కార్లకు కరెంటు పని చేసే సెవెల్మా దుకాణం. దుకాణమంటే కారు లోపలికి పట్టేంత ఓ ఇనుప కంటైనర్. వచ్చినాయన దంజన్, కార్లు అమ్ముతాడు.

“అది కాదు సెవెల్మా, ముందు తలుపు వేసెయ్. తర్వాత మాట్లాడుకుందాం.”

“తలుపు వేస్తే పొగంతా లోపలే ఉండిపోతుంది దంజన్ అన్నా. మీ కారు ఎంత నల్లగా కక్కుతోందో చూడండి.”

“నలుపెక్కడుంది? చలికి అలా కనిపిస్తుంది. ఈ చలిలో ఏ కారు పొగ వదలదు చెప్పు.”

“అన్నీ వదులుతాయి. తెల్లగా వదులుతాయి.”

“సరే, దీనిలో కొంచెం నలుపు కలిసింది. తలుపు వెయ్. ఎవరైనా చూస్తే బాగుండదు.”

“ఎవరు చూస్తే?”

“ఎవరైనా.”

“అన్నా, ఇది నమ్‌జిల్ గారి కారు కదా? పదకొండు రోజుల క్రితం మీరే అమ్మారు. బజారు కమిటీ పెద్దాయన కారు మళ్ళీ మీ చేతికెలా వచ్చింది?”

“కడిగి తెచ్చిస్తానని తీసుకొచ్చా.”

“బయట మైనస్ ముప్పై ఎనిమిది. ఈ చలిలో కారు కడుగుతారా?”

“ఆయనా అదే అడిగాడు. తర్వాత నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు చెల్లీ. పన్నెండింటికి గేటు దగ్గరికి తీసుకురా, అందరం ఉంటాం అన్నాడు. అందరం అని నొక్కి చెప్పాడు.”

“ఎందుకు?”

“నేనో మాటన్నాలే.”

“ఏం మాట?”

“కారు అమ్మిన రోజు. జనం చుట్టూ ఉన్నారు. ఆయన తాళం తీసుకుంటూ ‘ఇందులో లోపమేమీ లేదు కదా దంజన్’ అన్నాడు. నేను టోపీ తీసి, ఒక్క లోపం తేలినా గేటు పక్కన నా చోటు ఇంకెవరికైనా రాసిచ్చేయండి అన్నా.”

“నలుగురి ముందా?”

“నలభై మంది ముందు.”

“మీ గేటు పక్క చోటా? మొదటి వరసలోదా?”

“మరి నాకున్నది ఆ చోటొక్కటే కదా. పద్నాలుగేళ్ళు వెనక బూడిద కుప్ప పక్కన నిలబడి కార్లమ్మా. అక్కడ నెలకొకటి పోయేది. గేటు పక్కకొచ్చాక వారానికి పది. అదే నేను, అవే కార్లు, అదే అబద్ధం. చోటు మారిందంతే. అది పోతే మళ్ళీ బూడిద కుప్పే. పన్నెండులోపు నువ్వు దీన్ని బాగు చేశావా, ఆయన ఎక్కుతాడు, పొగ రాదు, నా మాట నిలుస్తుంది.”

“ఆయన చెప్పే బాధలేంటి?”

“పెట్రోలు రెండింతలు తాగుతోందట. ముందు ఫ్యాను ఆగకుండా తిరుగుతోందట, ఇంత చలిలో. వేడిగా ఉన్నప్పుడు ఆపితే మళ్ళీ అంటుకోవట్లేదట. మొన్న కమిటీ ఆఫీసు ముందు ఆగిపోతే వాచ్‌మన్, ఇంకో ఇద్దరు నెట్టారట. నెట్టేవాళ్ళు నా పేరే తలుచుకున్నారట.”

“లోపం చూపే చెక్ లైటు వెలుగుతోందా?”

“లేదు.”

“అన్నా, డ్యాష్‌బోర్డు మీద ఇక్కడ ఈ గుర్రం బొమ్మెందుకు అంటించారు?”

“శుభానికి. పరిగెత్తే గుర్రం.”

“చెక్ లైటు మీదే పరిగెత్తాలా? ఇదిగో పీకేశా. పసుప్పచ్చగా వెలుగుతోంది.”

“ఆ లైటు బజారులో అన్ని కార్లకూ వెలుగుతుంది చెల్లీ. దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు.”

“ఇంతకుముందు ఎవరికైనా చూపించారా?”

“ముగ్గురికి. ఆయన ఫోన్ చేసిన ప్రతిసారీ ఆయనకు తెలియకుండా డ్రైవర్ని పట్టుకుని తెప్పించా. మొదటివాడు థర్మోస్టాట్ మార్చాడు. రెండోవాడు నీళ్ళ పంపు మార్చాడు. మూడోవాడు వేడి చూసే సెన్సర్ మార్చాడు. పాతది ఇదిగో, జేబులోనే ఉంది. పారేయడానికి మనసొప్పలేదు. నాలుగోసారి జాతకాలు చూసే లామా దగ్గరికి వెళ్ళా. కారు మొదటిసారి బయటికి తీసింది పడమటికి, అది తప్పు అన్నాడు. మిగతా ముగ్గురికంటే ఆయనే తక్కువ తీసుకున్నాడు.”

“ఆ ముగ్గురూ స్కానర్ పెట్టి చూశారా?”

“ముగ్గురూ పెట్టారు. అన్నీ సరిగ్గానే ఉన్నాయన్నారు.”

“నేనూ పెట్టా, చూడండి. ఇంజన్ నీళ్ళ వేడి ఎంత చూపిస్తోంది?”

“మైనస్ నలభై.”

“మరి?”

“మరేంటి? బయట ముప్పై ఎనిమిది. లోపల నలభై. రెండు డిగ్రీల దగ్గర గొడవేంటి?”

“ఆ ముగ్గురూ ఇదే అన్నారా?”

“ఇదే అన్నారు. ఒకడైతే, ఈ స్కానర్ రేడియో కంటే బాగా చెప్తోంది, రేడియోలో ముప్పై ఆరన్నారు అన్నాడు.”

“అన్నా, ఇంజన్ మీద ఆ డబ్బా ఏంటి?”

“మటన్ కుడుములు. మా ఆవిడ పెట్టింది. చల్లారిపోకుండా దాని మీద పెట్టుకుంటా.”

“మూత తీయండి.”

“ఆకలేస్తోందా? తీసుకో, తిను.”

“ఆవిరొస్తోందా?”

“వస్తోంది. వేడివేడిగా ఉన్నాయి.”

“మైనస్ నలభై ఇంజన్ మీద కుడుముల్లోంచి ఆవిరి ఎలా వస్తోందన్నా?”

“మ్... మ్మ్మ్...”

“నోట్లోది మింగి చెప్పండి.”

“అంటే ఆ అంకె అబద్ధమా?”

“వైరు తెగినా, సెన్సర్ మాట అందకపోయినా, కారులో ఉన్న కంప్యూటరు పెట్టె మైనస్ నలభై అనుకుంటుంది. పాపం, చలికి బిగుసుకుపోయిన ఇంజన్ కదా అని పెట్రోలు కుమ్మరిస్తుంది. అందుకే నల్ల పొగ. అందుకే వేడిగా ఉన్నప్పుడు అంటుకోదు, పెట్రోల్లో మునిగిపోయి ఉంటుంది. ఫ్యాను సంగతి వేరు: ఆ పెట్టెకు తన అంకె మీద తనకే అనుమానం, దేనికైనా మంచిదని తిప్పుతూ ఉంటుంది. ఎండలు కాసే ఏ దేశంలోనైనా ఈ అంకె చూడగానే బుద్ధున్నవాడెవడైనా తప్పని చెప్తాడు. మన ఊళ్ళో ముగ్గురు మెకానిక్కులు చూసి తలాడించారు.”

“చలి ఊళ్ళో పుట్టడం కూడా నాకు నష్టమే అయిందన్నమాట. సరే, సెన్సర్ పోయింది. ఇంకోటి వెయ్.”

“మొన్నే కదా కొత్తది వేశారు. ముందు మీ జేబులో ఉన్న పాతది ఇవ్వండి. వేడి నీళ్ళు కావాలి.”

“నా ఫ్లాస్కులో టీ ఉంది. ఇంకా పొగలొస్తున్నాయి. అందులో ముంచు.”

“టీలో వద్దన్నా. మన టీలో ఉప్పుంటుంది. రాగికి ఉప్పు పడదు.”

“పడదా?”

“పడదు. తినేస్తుంది. ఏంటలా చూస్తున్నారు?”

“ఊరికే. పొయ్యి మీద నీళ్ళున్నాయిగా, అవి తీసుకో.”

“మీటరు పట్టుకోండి. ఇప్పుడు సెన్సర్ చల్లగా ఉంది, అంకె పెద్దది. నీళ్ళలో ముంచుతున్నా. చూస్తున్నారా?”

“తగ్గుతోంది. తగ్గుతోంది. మా బేరంలాగే ఉంది, వేడెక్కేకొద్దీ దిగుతోంది.”

“అలాగే దిగాలి. అంటే మీరు జేబులో వేసుకు తిరుగుతున్న ఈ పాత సెన్సర్‌కు ఏ రోగమూ లేదు.”

“లేదా? మరి నేను కొత్తదానికి డబ్బిచ్చానే.”

“ఇచ్చారు.”

“థర్మోస్టాట్?”

“దానికీ లేదు.”

“పంపు?”

“అన్నా, ఏడవకండి, మీటరు వణుకుతోంది. ఇప్పుడు బానెట్ కింద ఉన్న కొత్తదానికి పెడుతున్నా. ఎంత?”

“చిన్న అంకె.”

“ఇంజన్ వేడిగా ఉందని అది సరిగ్గానే చెప్తోంది. పెట్టెకు వినపడట్లేదు. చెప్పేవాడి నోరు బాగుంది, వినేవాడి చెవి బాగుంది. మధ్యలో ఏదో అడ్డం పడింది.”

“వైరా?”

“వైరో, దాని చివరున్న ఈ సాకెట్టో. ఇందులో రెండు రేకులుంటాయి. ఆ రెంటినీ నా జడపిన్నుతో కలిపితే స్కానర్‌లో అంకె ఒక్కసారిగా పైకి ఎగరాలి. కలుపుతున్నా. ఎగిరిందా?”

“లేదు. నలభైయే.”

“ఇప్పుడు?”

“నలభైయే.”

“అయితే రోగం సెన్సర్‌ది కాదు, ఇటువైపే. ముందు సాకెట్ చూద్దాం. టార్చి ఇలా పట్టండి. అన్నా, ఇటు. మీరు గోడకు చూపిస్తున్నారు.”

“చెయ్యి చలికి తిరగట్లేదు.”

“రబ్బరు తీశా. చూడండి.”

“నాకేం కనబడట్లేదు.”

“పచ్చగా ఉంది. రేకులు రెండూ కుళ్ళిపోయాయి. చుట్టూ తెల్లగా ఏదో గడ్డకట్టింది. స్క్రూడ్రైవర్‌తో గీకితే పొడిపొడిగా రాలుతోంది. వాసన చూడండి.”

“జలుబు చేసింది.”

“పాల వాసన. ఎండబెట్టిన పెరుగు గడ్డ వాసన. ఇంజన్లోకి పాలెలా వచ్చాయి?”

“ఎలుకలు తెచ్చి ఉంటాయి.”

“ఎలుకలు పాలు పితుకుతాయా?”

“ఏమో చెల్లీ, ఈ ఏడు అన్నీ వింతలే.”

“దంజన్ అన్నా, టైము పదకొండు దాటింది. పన్నెండింటికి ఈ కారు గేటు దగ్గర ఉండాలి. ఏం పోశారో చెప్తేనే ఎంతవరకు పాకిందో నాకు తెలుస్తుంది.”

“పోయడమేంటి, చల్లా. కారు కొన్నవాడికి శుభానికని, ఆకాశానికి మొక్కి పాలు చల్లి పంపడం మామూలే కదా. నువ్వూ నీ కారుకు చల్లి ఉంటావు.”

“చక్రాలకు చల్లా.”

“నేనూ చక్రాలకే చల్లేవాణ్ణి. బజారులో ఎవణ్ణి చూసినా చక్రాలకే చల్లుతున్నాడు. మరి నాకూ వాళ్ళకూ తేడా ఏముంది? ఓ రోజు ఒకడు బేరం వదులుకుని వెళ్ళిపోతున్నాడు. నాకప్పుడు తట్టింది. అయ్యా ఆగు, చక్రం కారుకు కాలు మాత్రమే, నేను గుండెకు పోసి పంపుతా అన్నా. బానెట్ ఎత్తి గరిటెడు ఇంజన్ మీద పోశా. బుస్సుమని ఆవిరి లేచింది. అతను టోపీ తీసి కళ్ళు తుడుచుకున్నాడు. అడిగిన ధర ఇచ్చి వెళ్ళాడు.”

“అప్పటినుంచీ అందరికీ గుండె మీదే పోస్తున్నారా?”

“అందరికీ గరిటె. నమ్‌జిల్ గారికి మూడు గరిటెలు. పెద్దాయన కదా.”

“పాలేనా?”

“పాలే.”

“అన్నా, పాలు ఎండితే తెల్లగా పొర కడుతుంది, అంతే. రాగిని పదకొండు రోజుల్లో ఇంత పచ్చగా తినదు. ఇది ఉప్పు పని.”

“ఆవు ఉప్పు గడ్డ నాకి ఉంటుంది.”

“నాకితే?”

“పాలల్లోకి దిగి ఉంటుంది.”

“ఫ్లాస్కు ఇలా ఇవ్వండి.”

“అది నా టీ.”

“అవును. పాలు పోసి, ఉప్పేసి కాచిన టీ. ఇవ్వండి. ఇందులో పాలపొడి కూడా కలిపారు, అడుగున ఉండలున్నాయి. ఇంత తెల్లటి టీ ఎవరు తాగుతారన్నా?”

“నేను తాగుతా. నాకిష్టం.”

“దంజన్ అన్నా.”

“సరే, విను. తిట్టకుండా విను. చలికాలం పాలు ఎలా అమ్ముతారు? గిన్నెలో గడ్డకట్టించి దిమ్మలుగా అమ్ముతారు. దిమ్మ కరగడానికి అరగంట. ఈ చలిలో కొనేవాడు అరగంట నిలబడతాడా? కాళ్ళు బిగుసుకుపోతాయి. కాళ్ళు బిగుసుకుంటే బుర్ర పనిచేస్తుంది. ఇంటికెళ్ళి మా ఆవిణ్ణి అడిగి వస్తానంటాడు. ఆవిణ్ణి అడిగి తిరిగొచ్చినవాణ్ణి ఇన్నేళ్ళలో ఒక్కణ్ణీ చూడలేదు. డబ్బు చేతిలో పడగానే పాలు పడాలి. నా దగ్గర ఎప్పుడూ వేడిగా ఉండేది ఈ ఫ్లాస్కు ఒక్కటే.”

“అందుకని తాగగా మిగిలిన టీ పోశారు.”

“మిగిలింది అనకు. కొన్నిసార్లు తాగకముందే పోశా.”

“ఎవరూ కనిపెట్టలేదా?”

“గిన్నెలో చూస్తే తెల్లగానే ఉంటుంది. ఇంజన్ మీద ఆవిరైపోతుంది, కింద పడ్డది నేల తాకకముందే గడ్డకడుతుంది. వంగి రుచి చూసేవాడెవడు? పైగా ఆ సమయంలో అందరూ కళ్ళు మూసుకుంటారు.”

“మీరు?”

“నేను డబ్బు లెక్కపెట్టుకుంటా.”

“ఇది నమ్‌జిల్ గారికి తెలిస్తే?”

“చోటు పోవడం చిన్న మాట. కారులో లోపముందని తెలిస్తే వెనక వరసకు పంపుతారు. ఆకాశానికి ఎంగిలి టీ పోశానని తెలిస్తే బజారులోకే రానివ్వరు. మా ఆవిడే రానివ్వదు. నిజం చెప్తున్నా సెవెల్మా, మొదటిసారి పోసిన రోజు నాకు నిద్ర పట్టలేదు. రెండోసారి పట్టింది. దానికే నాకు భయం వేసింది.”

“టార్చి సరిగ్గా పట్టండి. సాకెట్ కోసేసి కొత్తది వేస్తున్నా. ఇదిగో, వైరు కూడా నాలుగు వేళ్ళ పొడుగు లోపలికి పచ్చబడింది. అదీ కోశా. గ్రీజు పెట్టా. రబ్బరు తొడిగా. ఇప్పుడు అంకె చూడండి.”

“ఎనభై రెండు.”

“ప్లస్సా, మైనస్సా?”

“ప్లస్. ప్లస్ ఎనభై రెండు. ఫ్యాను ఆగిపోయింది. వింటున్నావా? ఆగిపోయింది. పొగ కూడా... తెల్లగా వస్తోంది చెల్లీ.”

“ఆ పాత సాకెట్ ఇటివ్వండి. ఈ రేకు డబ్బాలో వేయాలి.”

“ఏంటా చప్పుడు? ఏమున్నాయి అందులో?”

“ఇలాంటివే. ఇది ఇరవై మూడోది.”

“ఏది ఇరవై మూడోది?”

“అక్టోబరు నుంచీ ఇరవై మూడు కార్లు ఇదే పచ్చతో వచ్చాయి. అన్నీ మీరమ్మినవే.”

“అంటే బానెట్ ఎత్తకముందే నీకు తెలుసా?”

“పొగ చూసినప్పుడే తెలుసు.”

“మరి ఆ వేడి నీళ్ళు, ఆ జడపిన్ను, నాతో మీటరు పట్టించడం...”

“ఇవేవీ చేయకుండా రెండు నిమిషాల్లో సాకెట్ మార్చి చేతిలో పెడితే మీరు నాకు పూర్తి కూలి ఇస్తారా?”

“ఇవ్వను.”

“అందుకే. కానీ ఒక్కటి మాత్రం నిజంగా తెలియలేదన్నా. పాలని తెలుసు. పాలకు రాగి ఇంత పచ్చబడడమేంటో ఎంతకీ అర్థం కాలేదు. మూడు నెలలుగా తల బద్దలు కొట్టుకుంటున్నా. ఇవాళ తీరింది.”

“ఎవరికీ చెప్పవు కదా? చెల్లీ? చెప్పవు కదా?”

“మీ ఫోన్ మోగుతోంది.”

“నమ్‌జిల్ గారు. నేనెత్తను. నువ్వెత్తు. వద్దు, నువ్వూ ఎత్తకు.”

“నమస్కారం నమ్‌జిల్ గారూ, నేను సెవెల్మాని. దంజన్ అన్న ఇక్కడే ఉన్నాడు. స్పీకరు పెడుతున్నా.”

“కడగడానికి నీ దగ్గరికెందుకొచ్చాడమ్మా? నా డ్రైవరు చూసి చెప్పాడు. నిజం చెప్పు, లోపమేంటి?”

“కారు లోపం కాదండీ. అమ్మిన తర్వాత వచ్చింది. ఎలుక. వెచ్చగా ఉందని బానెట్ కిందకు దూరి సాకెట్ కొరికింది. మార్చేశా.”

“ఎలుకా?”

“మీ గ్యారేజీ ఎలుకేనండీ.”

“మా ఆవిడ చెప్తూనే ఉంది, గ్యారేజీలో పిండి బస్తాలు పెట్టొద్దని. అయితే దంజన్ మాట తప్పలేదన్నమాట. దంజన్, వింటున్నావా? మనసులో పెట్టుకోకు. కారు తీసుకురా. అందరూ ఉన్నారు, పీడ పోవాలి, మళ్ళీ ఓసారి నీ చేత్తోనే పాలు పోద్దువు. గుండె మీద.”

“అలాగేనండీ. వస్తున్నానండీ. ... పెట్టేశాడు. సెవెల్మా, నా చోటు నిలబెట్టావు. నీ కూలి రెండింతలు తీసుకో. ఇక చాలు. పెద్దాయన నన్ను నమ్మి మళ్ళీ పోయమంటున్నాడు. ఇవాళ్టి నుంచి ఫ్లాస్కులో టీ ఉండదు. పొద్దున్నే ఇంట్లో పాలు కాచి తెస్తా. ఒట్టు.”

“ఒట్లు పెట్టకండన్నా. మొన్న పెట్టిందే మిమ్మల్ని ఇక్కడిదాకా తెచ్చింది.”

“లేదు, ఇది మనసులోంచి అంటున్నా. అసలు పాలే పోస్తా. చిక్కటి పాలే.”

“ఈ కారుకు అవే పోయండి. ఆ అరలో నా పాల సీసా ఉంది, పట్టుకెళ్ళండి. మిగతావాటి సంగతి మాత్రం కాస్త కూర్చుని ఆలోచించండి. పోయినేడు నాకు పొయ్యి లేదు. ఈ స్కానర్ లేదు. ఈ కంటైనర్ అప్పుడు అద్దెది, ఇప్పుడు నాది. ఇరవై మూడు కార్లు. రోజూ పొద్దున బయట నిలబడి ఆకాశానికి పాలు చల్లి దండం పెట్టుకుంటున్నా, ఇదంతా ఎవరి దయో తెలియక.”

“అంటే?”

“అంటే తాళం తీసుకోండి, పదకొండు నలభై అయింది. ఎలుక సంగతి నా నోటినుంచి ఇంకోలా రాదు, నిశ్చింతగా వెళ్ళండి. టీ మానకండి. రేపట్నుంచి ఉప్పు ఇంకో చెంచా వేయండి.”